లార్డ్ పెరిగ్రిన్ గారి నూట అరవై మూడు ఓటములు

రోచ్‌డేల్,
జూన్ 4, 1979

ఓటమి అన్నది ఎరుగని ఇనుప భుజం వాల్టర్ కెర్షా మహాశయుల వారికి, వారి చేతిలో లెక్కలేనన్ని తన్నులు తిన్న బామ్మర్ది ఈనాక్ బ్రియర్లీ వంగి వంగి రాసుకున్నది:

బావా, మా చెల్లెలు ఐవీ పంపిన పేపరు ముక్క నిన్న అందింది. మీ మోర్కమ్ పత్రికలో నీ ఫొటో, కింద నీ కుస్తీ జ్ఞాపకాలు. ఫొటో ఏ కాలం నాటిది? అందులో నీకు జుట్టుంది. బొగ్గు యార్డు గేటు దగ్గర నా కాపలా కుర్చీలో కూర్చుని చదివాను. నవ్వాపుకోలేక మొహం చేతుల్లో దాచుకుంటే, ఏడుస్తున్నాననుకుని ఇద్దరు లారీ డ్రైవర్లు టోపీలు తీసి నిలబడ్డారు. ఎవరు పోయారని అడిగారు. నిజం పోయిందని చెప్పాను.

“ఇరవై ఏళ్ళలో లార్డ్ పెరిగ్రిన్‌ను నూట అరవై మూడుసార్లు మట్టి కరిపించాను. న్యాయమైన పట్టుతో అతను నన్ను ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయాడు” అని రాశావు. లెక్క సరిగ్గానే ఉంది. నాకూ గుర్తే, ఆ దిక్కుమాలిన లార్డుని నేనే కాబట్టి. పగలంతా ఇంటింటికీ బొగ్గు మూటలు మోసి, సాయంత్రం చెవుల్లో మసి కడుక్కుని, పొడుగు టోపీ, ఒంటికంటి అద్దం పెట్టుకుని గోదా ఎక్కేవాణ్ణి. నా వెనక నౌకరు వేషంలో మా మేనమామ ఆల్బర్ట్. ఆయన చేతిలో వెండి పళ్ళెం, అంటే వెండి రంగేసిన బిస్కెట్ డబ్బా మూత. నేను ముక్కు మూసుకుని, “అబ్బబ్బ, ఈ కూలి జనం కంపు!” అంటూ ముందు వరసల మీద సెంటు కొట్టేవాణ్ణి. నూలు మిల్లులో పది గంటలు నిలబడి వచ్చిన ఆడవాళ్ళు గొడుగులెత్తి నా మీదికి లేచేవారు. అప్పుడు నువ్వు వచ్చి వాళ్ళ తరఫున నన్ను తన్నేవాడివి. వాళ్ళు హాయిగా ఇంటికెళ్ళి నిద్రపోయేవారు. నేను బోర్లా పడుకునేవాణ్ణి.

ఓల్డమ్ సంగతి ఎందుకు రాయలేదు? చలికాలం ఈతకొలను మీద పలకలు పరిచి గోదా కట్టేవారు కదా. ఒక పలక విరిగి నేను నీళ్ళలో పడ్డాను. నేను కిందికి పోయాను, నా టోపీ మాత్రం పైన తేలింది. జనం టోపీకి చప్పట్లు కొట్టారు. పైకొచ్చిన ప్రతిసారీ ఒక ముసలావిడ గొడుగుతో నా నెత్తిన పొడిచి మళ్ళీ లోపలికి పంపింది. నువ్వేం చేశావు? గట్టు మీద నిలబడి కండలు చూపించావు. అది కూడా నూట అరవై మూడులో లెక్కేశావా?

పెళ్ళి సంగతి కూడా రాయలేదు. బరిలో శత్రువులైనవాళ్ళు బయట కలిసి కనబడకూడదన్న మన కట్టుబాటు వల్ల, సొంత చెల్లెలి పెళ్ళికి నేను చర్చి ముందు గుమ్మంలోంచి రాలేకపోయాను. నీ అభిమానులు బియ్యం పట్టుకుని అక్కడే నిలబడ్డారు మరి. నేను పాటలు వాయించే ఆర్గన్ వెనక దూరి, పెళ్ళయ్యేదాకా దానికి గాలి తిత్తి కొడుతూ కూర్చున్నాను. ఐవీ “సరే” అన్నప్పుడు నాకు గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

ఇంతకీ ఉన్నట్టుండి పేపరుకెక్కాలని ఎందుకు బుద్ధి పుట్టింది? రాయి.

నీ చేతిలో ఓడినవాడు,
ఈనాక్


మోర్కమ్,
జూన్ 11

ఈనాక్‌కి,

నీ వెటకారపు ఉత్తరం అందింది. నీకు అక్షరాలు నేర్పిన పంతులమ్మ ఇప్పుడు బతికి ఉంటే సిగ్గుపడి ఉండేది.

నేను రాసినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. నూట అరవై మూడుసార్లు రిఫరీ నా చెయ్యే పైకెత్తాడు. కాదంటే వెళ్ళి రిఫరీలను అడుగు.

నేను రాయవలసి వచ్చిన కారణం వేరు. ఇక్కడికి దగ్గరలో రాళ్ళ క్వారీలో పనిచేసే డెరిక్ థ్వైట్ అని ఒక కుర్రాడున్నాడు. ఇరవై నాలుగేళ్ళు. ఉత్తరాది జిల్లాల పోటీల్లో పతకాలు గెలిచాడు. మేమందరం, అంటే పాత మల్లులమందరం, కుస్తీవాళ్ళం కాదట, పగటివేషగాళ్ళమట. ఆ మాట బహిరంగంగా, ఊరి సభలో అన్నాడు. నేను ముందు వరసలోనే ఉన్నాను. ఐవీ నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది కానీ, అప్పటికే నేను లేచాను. అందరూ చూశారు.

ఆగస్టు పద్దెనిమిదిన ఉత్సవాల్లో, సముద్రంలోకి కట్టిన వంతెన చివరి హాల్లో, మధ్యాహ్నం మూడింటికి వాడికీ నాకూ ఆరు రౌండ్ల పోటీ. “ముందుగా ఏదీ మాట్లాడుకునేది లేదు, సరేనా?” అన్నాడు వాడు. “నేను జన్మలో ఎప్పుడూ మాట్లాడుకోలేదు” అన్నాను.

నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వుకో. నాకు యాభై ఆరే. రోజూ ఇసుకలో రెండు మైళ్ళు నడుస్తున్నాను.

వాల్టర్ కెర్షా

(కవరు లోపలి మడత మీద, పెన్సిలుతో:)

అన్నయ్యా, ఆయన చూడకుండా రాస్తున్నాను. పొద్దున్నే కాలరు గుండీ నేనే పెడుతున్నాను. ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పుతాడు. అడిగితే ఇనుము అంత తేలిగ్గా తిరగదే అంటాడు. ఏదో ఒకటి చెయ్యి. ఐవీ.


రోచ్‌డేల్,
జూన్ 15

బావా,

ఈ ఉత్తరంలో వెటకారం లేదు. ఉన్నా తక్కువే. కూర్చుని చదువు.

పదేళ్ళ కిందట విగన్‌లో నా చెయ్యి జారింది. చెమట. నిన్ను భుజం మీద పడెయ్యాల్సినవాణ్ణి నెత్తి మీద పడేశాను. ఎముక కదిలిన చప్పుడు నాకు వినబడింది, జనానికి వినబడలేదు, వాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. ఆసుపత్రికి నేను దొంగలా వెనక దారిన వచ్చాను. డాక్టరు ఎక్స్‌రే ఫిలిం దీపానికి పట్టుకుని ఏమన్నాడు? “ఇంకొక్కసారి ఇలాంటిది తగిలితే ఈయనకి ఎవరో ఒకరు చెంచాతో తినిపించాలి, జన్మంతా” అన్నాడు. నువ్వు పైకప్పు చూస్తూ పడుకున్నావు, ఆ మాట వేరెవరి గురించో అన్నట్టు.

ఇప్పుడు ఆ చెంచా పట్టాల్సింది మా చెల్లెలు. అందుకని మనం ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా, ఒకరితో ఒకరు కూడా, పైకి అనని మాటని రాస్తున్నాను. దేవుడు నన్ను క్షమించాలి, పోయిన హోరేస్ గారు కూడా.

అవి గెలుపులు కావు బావా. పోటీలు పెట్టే హోరేస్ గారు ప్రతి సాయంత్రం సిగరెట్ పెట్టె అట్ట చింపి, “ఇవాళ వాల్టర్ సంతోషంగా ఇంటికెళ్తాడు, నాలుగో రౌండు” అని రాసిచ్చేవాడు. నువ్వు సంతోషంగా ఇంటికెళ్ళేవాడివి. నేను సూదిమందు కోసం వెళ్ళేవాణ్ణి, ఆడవాళ్ళు తమ టోపీలకి పెట్టుకునే సూదులు తీసి గుచ్చినచోట. జనం నిన్ను ప్రేమించేలా నేను చూసుకునేవాణ్ణి, నాకు దెబ్బ తగలకుండా నువ్వు చూసుకునేవాడివి. అది గొప్ప పనే. ఎవడు కాదన్నా వాడి దవడ పగలగొడతాను. కానీ అది ఆ కుర్రాడు చేసే పని కాదు.

మన తప్పేమిటో తెలుసా? రహస్యాన్ని మరీ బాగా దాచాం. టాడ్‌మోర్డెన్ రోడ్డు గుర్తుందా? నీ కారు వెనక సీటు కింద దుప్పటి కప్పుకుని నేను, ముందు నువ్వు. టైరు పేలింది. చక్రం మార్చడానికి ఇద్దరం దిగామో లేదో, మన ఆటకే వెళ్తున్న బస్సు వచ్చి ఆగింది. కిటికీల నిండా మొహాలు. ఇంకేం చేస్తాం? అక్కడే బురదలో కొట్టుకున్నాం. నువ్వు ఒక చేత్తో నా మెడ పట్టుకుని, ఇంకో చేత్తో నట్లు విప్పావు. నేను “వదలరా పామరుడా!” అని అరుస్తూ జాకీ తిప్పాను. బస్సువాళ్ళు చక్రం బిగిసేదాకా ఉండి చప్పట్లు కొట్టి వెళ్ళారు. ఆ రోజు బస్సు వెళ్ళిపోయాక కూడా నువ్వు నా మెడ వదల్లేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. అందరినీ నమ్మించాం. చివరికి నువ్వు కూడా నమ్మేశావు.

నీకు చలిజ్వరం అని చెప్పించు. కాలు బెణికిందని చెప్పించు. నీ తరఫున ఎంత అబద్ధమైనా నేను ఆడతాను.

ఈనాక్


మోర్కమ్,
జూన్ 19

బ్రియర్లీ గారికి,

మీ ఉత్తరం పొయ్యిలో వేశాను. ఐవీ కంట పడకముందే వేశాను. అలాంటి మాటను కాగితం మీద పెట్టినవాడు మన వృత్తివాడు కాడు. హోరేస్ గారు బతికుంటే మీకు ఈ దేశంలో ఏ గోదాలోనూ చోటు దొరికేది కాదు.

మెడ బాగానే ఉంది. డాక్టరు కాగితం కూడా ఇచ్చాడు.

పద్దెనిమిదిన మీరు రావద్దు. వస్తే గేటు దగ్గరే ఆపమని చెప్పి ఉంచాను.

డబ్ల్యూ. కెర్షా


రోచ్‌డేల్,
జులై 30

కెర్షా గారికి,

“గారు” అంటున్నారు కాబట్టి నేనూ అంటున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళ చుట్టరికంలో మీరు నాకిచ్చిన మొదటి మర్యాద ఇది.

ఐవీ చెబితే తెలిసింది, ఆ కాగితం ఇచ్చిన డాక్టరు చిన్నప్పుడు మీ సంతకం కోసం వానలో నిలబడ్డవాడట. ఆ రుణం తీర్చుకున్నాడు. మీ గుండె మీద గొట్టం కూడా పెట్టకుండా సంతకం చేశాడట.

పోయిన ఆదివారం రైలెక్కి ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. క్వారీ పక్కన, వాళ్ళమ్మ ఇంటి పెరట్లో బంగాళాదుంపలు తవ్వుతున్నాడు. చేతులు చూశాను. బావా, అవి చేతులు కావు.

“ఎవరు పెద్దాయనా నువ్వు?” అన్నాడు.

“వాల్టర్ బామ్మర్దిని.”

“నన్ను కొనడానికొచ్చావా, భయపెట్టడానికొచ్చావా?”

“నా జేబు చూస్తే కొనలేనని తెలుస్తుంది, నా పొట్ట చూస్తే భయపెట్టలేనని తెలుస్తుంది. మా బావకి మెడ బాగోలేదు నాయనా. కాస్త మెల్లగా పట్టుకో.”

“నాకూ మోకాలు బాగోలేదు. ఆయన డాక్టరు కాగితం చూపించాడు, మరి అదేంటి?”

“అది అభిమానం.”

పలుగు నేలలో గుచ్చాడు. మంచివాడే. అదే మన ఖర్మ. “మెల్లగా పట్టుకోవడం నాకు రాదు మామా. అలా చేస్తే నేను ఆ రోజు సభలో తిట్టిందే నేను చేసినట్టు. దెబ్బ తగలకూడదంటే గోదా ఎక్కొద్దని ఆయనకే చెప్పు” అన్నాడు.

“చెప్పాను. ఉత్తరం తగలబెట్టాడు.”

“గెలుస్తాననుకుంటున్నాడా?”

ఏం చెప్పమంటారు? దుంపలు బాగున్నాయి అన్నాను. ఒక సంచి ఇచ్చాడు.

నాకు తోచింది చేశాను. ఇక నావల్ల కాదు. మీ పోటీకి నేను రాను, నా మాట నమ్మండి. ఆ రోజు నాకు యార్డులో డ్యూటీ.

ఈ. బ్రియర్లీ


మోర్కమ్,
ఆగస్టు 21

ఒరేయ్ ఈనాక్,

నీ జన్మలో ఒక్కసారైనా మాట మీద నిలబడ్డావురా?

హాలు నిండా జనం. నా పేరు పిలవగానే ముసలాళ్ళంతా లేచి నిలబడ్డారు. కొందరు ఏడ్చారు. మొదటి రౌండులో కుర్రాడూ నేనూ ఒకరి చుట్టూ ఒకరం తిరిగాం. రెండో నిమిషంలో వాడు నా వెనక్కి వచ్చి మెడ కింద చెయ్యి దూర్చాడు. బిగించాడు. నేను విడిపించుకునే ఎత్తు ఆలోచిస్తున్నాను. నా దగ్గర ఎత్తు ఉంది. సరిగ్గా అప్పుడే నువ్వు దిగబడ్డావు.

ఆ టోపీ! ఆ అద్దం! పొట్ట దగ్గర గుండీలు పట్టక ఆ కోటుకి తాడు కట్టుకున్నావు! “ఇంకా స్నానాలు మొదలెట్టలేదా మీరు?” అని హాలు హాలంతటినీ అడిగావు. ఎనిమిదేళ్ళయింది నువ్వు కనబడి, అయినా ఆరువందల మంది ఒక్క గొంతుతో “ఛీ” అన్నారు. కుర్రాడి కళ్ళలో సెంటు కొట్టావు. సెంటు కాదు, వెనిగరు, నాకు వాసన తెలుసు. వాడు నన్ను వదిలేశాడు. నువ్వు పళ్ళెంతో నా నెత్తిన ఒకటిచ్చి, నన్ను నీ తలకంటే ఎత్తున లేపి, తాళ్ళ అవతలికి గిరాటేశావు!

అవతల బ్యాండువాళ్ళ గుడారపు గుడ్డలు గుట్టగా పడి ఉండబట్టి సరిపోయింది. ఒంటి మీద గీత పడలేదు. లేకపోతే ఏమయ్యేది? ఆలోచించావా?

రిఫరీ పోటీ రద్దు చేశాడు. జనం నన్ను భుజాల మీద మోసి సముద్రపు ఒడ్డుదాకా తీసుకెళ్ళారు. “గెలుపు అంచున వాల్టర్‌కి ఘోర అన్యాయం” అని పేపర్లో వేశారు. విరిగిన కుర్చీలు చూసి, ఈ ఊళ్ళో ఇక కుస్తీ అన్న మాటే ఎత్తొద్దని మునిసిపాలిటీవాళ్ళు తీర్మానం చేశారు. కాబట్టి మళ్ళీ పోటీ కూడా లేదు. నా చేతికందిన గెలుపుని దొంగిలించావు. ఇంకొక్క నిమిషం ఉంటే వాణ్ణి చిత్తు చేసేవాణ్ణి.

మీ చెల్లెలు మూడు రోజులుగా గిన్నెలు తోముతూ తనలో తనే నవ్వుకుంటోంది. ఎందుకని అడిగితే చెప్పదు. అన్నాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే జాతి.

వాల్టర్


రోచ్‌డేల్,
ఆగస్టు 25

బావా,

బోర్లా పడుకుని రాస్తున్నాను, గీతలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. నర్సు నా వెనక భాగంలోంచి టోపీ సూది ఒకటి తీసింది, చివర ముత్యం ఉన్నది. “ఇప్పుడివి ఎక్కడ దొరుకుతున్నాయండీ?” అని ఆశ్చర్యపోయింది. ఎవరో ముసలావిడ అవసరానికి ఉంటుందని ఇన్నేళ్ళూ దాచుకుని ఉంటుంది. రెండు పక్కటెముకలు విరిగాయి. ఒక కన్ను తెరుచుకోదు. ఎనిమిదేళ్ళలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

యార్డులో డ్యూటీ అని అబద్ధమాడాను. ముందురోజే వచ్చి, మడత కుర్చీలు అద్దెకిచ్చేవాడిలా టోపీ ముందుకు లాక్కుని, పొద్దున్నంతా ఆ గుడారపు గుడ్డల్ని ఒక్కొక్కటే ఈడ్చి అక్కడ గుట్టపోశాను. బ్యాండు మేస్టరు తిట్టాడు. నువ్వు నా పక్క నుంచే వెళ్ళావు. మెడ తిరిగి ఉంటే చూసేవాడివి.

జనం నా మీద పడ్డప్పుడు నన్ను బయటికి లాగింది ఎవరో తెలుసా? ఆ కుర్రాడు డెరిక్. కళ్ళు ఎర్రగా, ధారలు కారుతున్నాయి, అయినా నన్ను చంకలో ఇరికించుకుని గొడుగుల మధ్యలోంచి దుస్తులు మార్చుకునే గదిలోకి పడేసి తలుపుకి వీపు ఆనించాడు. తిడతాడనుకున్నాను. ఊపిరి తీసుకుని, “మామా, నిజం చెప్పు. ఆయన్ని అంత తేలిగ్గా ఎలా ఎత్తావు? నేను రోజూ రాళ్ళు ఎత్తుతాను. నాకే ఆయన కదల్లేదు” అన్నాడు.

“లార్డుల కుటుంబ రహస్యం” అన్నాను.

వాడు నమ్మలేదు. నేను చెప్పనూ లేదు. నీకు ఒక్కడికే చెబుతున్నాను, ఎందుకంటే ఇది నీకు ముందే తెలుసు.

నువ్వు రెండు బొగ్గు మూటల బరువు. నాకు అయిదేళ్ళ కిందట హెర్నియా ఆపరేషనయింది, అరమూట బొగ్గు కూడా ఎత్తొద్దన్నారు, మా ఇంటావిడ నాచేత నీళ్ళ బకెట్ కూడా మోయించదు. ఎదుటివాడు సాయం పట్టకుండా అంత మనిషిని తలకంటే ఎత్తున లేపగల మొనగాడు లోకంలో లేడు. నేను నీ నడుం పట్టీ మీద రెండు వేళ్ళు వేశాను, అంతే. ఇంకా బిగించనైనా లేదు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నీ మోకాళ్ళు వంగాయి, నీ కుడిచెయ్యి నా భుజం మీద ఆనింది, ఊపిరి బిగబట్టావు.

బావా, ఎగిరింది నువ్వే.

ఈనాక్